వేడికి కాదు, పులుపుకు పాడయ్యే గాస్కెట్లు: హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ సీళ్లపై పాఠకుల ప్రశ్నలు

హైడ్రోజన్‌నూ గాలిలోని ఆక్సిజన్‌నూ కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్స్‌లో గ్యాస్ లీకు కాకుండా ఆపే సీళ్ల (గాస్కెట్ల) గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒక్కటి తప్ప మిగతావన్నీ 60–90 డిగ్రీల మధ్య నడిచే పీఈఎం (ప్రోటాన్లను దాటించే పల్చటి పొర, అంటే మెంబ్రేన్ ఉన్న) రకానికి సంబంధించినవే. డిగ్రీలన్నీ సెల్సియస్‌లో.

ప్రశ్న: మా బృందం ఐదు సెల్స్‌ను ఒకదానిపై ఒకటి పేర్చి చిన్న పీఈఎం స్టాక్ కట్టింది. ప్లేట్ల గాడుల్లో 0.5 మి.మీ. సిలికోన్ షీటు కోసి వేశాం. కేటలాగ్‌లో 200 డిగ్రీల దాకా ఆగుతుందని ఉంది. మా స్టాక్ 70 దాటలేదు. అయినా నాలుగు నెలలకే లీకు. విప్పి చూస్తే గాస్కెట్ గరుకు తేలింది, గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతోంది. నాసిరకం షీటు అంటగట్టారంటారా? (ఇంజినీరింగ్ విద్యార్థులు, వరంగల్)

షీటు మంచిదే అయ్యుండొచ్చు. కేటలాగ్‌లో ఉన్నదీ అబద్ధం కాదు. కాకపోతే 200 డిగ్రీలన్నది పొడి గాలిలో లెక్క, మీ గాస్కెట్ ఉన్నది తడి ఆమ్లంలో. ఊరగాయ జాడీకి ఇనుప మూత పెడితే దాన్ని తినేది వేడా, పులుపా? ఇక్కడా అంతే.

సిలికోన్ రబ్బరుకు వెన్నెముక సిలికాన్–ఆక్సిజన్ బంధాల గొలుసు. ఎండకు, ఓవెన్ వేడికి అది చెక్కుచెదరదు. వేడి నీళ్లూ ఆమ్లమూ కలిసి తగిలితే మాత్రం ఆ బంధాలు ఒక్కొక్కటే తెగుతాయి. ఆమ్లం వచ్చేది మెంబ్రేన్ నుంచే. ప్రోటాన్లను దాటించే ఆ పొర నిండా సల్ఫోనిక్ ఆమ్ల గుంపులుంటాయి, గాస్కెట్ ఆనేది సరిగ్గా దాని అంచు మీదే. సెల్ నడిచేకొద్దీ లోపల పుట్టే పెరాక్సైడ్ రాడికల్స్ పొరను కొరుకుతుంటే ఫ్లోరైడ్ కూడా బయటికొచ్చి, నీళ్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం జాడలు చేరతాయి. సిలికాకు అంతకు మించిన శత్రువు లేదు.

మీ గోటికి రాలిన తెల్ల పొడి ఫిల్లర్, అంటే రబ్బరుకు గట్టిదనం కోసం కలిపే పొడి. చుట్టూ ఉన్న పాలిమర్ కరిగిపోయాక అది బయటపడింది. కరిగిన సిలికాన్ వెళ్లి ప్లాటినం ఉత్ప్రేరకం మీద కూర్చుంటుంది. ఫిల్లర్‌లో కాల్షియం, మెగ్నీషియం ఉంటే వాటి అయాన్లు మెంబ్రేన్‌లో ప్రోటాన్లు ఉండాల్సిన చోట తిష్ఠ వేసి వాహకతను తగ్గిస్తాయి. అందుకే చాలాసార్లు ముందు వోల్టేజి జారుతుంది, లీకు ఆ తర్వాతే కనిపిస్తుంది. మీ రికార్డులు తిరగేయండి, రెండో మూడో నెలలోనే వోల్టేజి పడిపోవడం కనిపించవచ్చు.

పాత గాస్కెట్లు పారేయకండి. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద రెండు ముఖాలూ చూడండి. మెంబ్రేన్‌కు ఆనిన ముఖం మీద సన్నని పగుళ్లు, గరుకు ఉండి, ప్లేటు వైపు నున్నగా ఉంటే ఆమ్లం పని. రెండు వైపులా నున్నగానే ఉండి మందం మాత్రం అణిగిపోయి ఉంటే అది కంప్రెషన్ సెట్, అంటే నొక్కు తీశాక కూడా రబ్బరు లేవకపోవడం. ఒకేచోట గాటు ఉంటే బిగించేటప్పుడు ప్లేటు అంచు కోసిందన్నమాట.

మందు రెండు రకాలు. మెంబ్రేన్ అంచుకు రెండు వైపులా 25–50 మైక్రాన్ల పీఈఎన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) ఫిల్ము చట్రంలా అతికించి, గాస్కెట్ ఆ ఫిల్ము మీదే ఆనేలా చేయడం ఒకటి. ఇలా చేస్తే సిలికోన్‌నే కొనసాగించినా ఆయుష్షు పెరుగుతుంది. రెండోది పెరాక్సైడ్‌తో క్యూర్ చేసిన (అంటే గొలుసుల మధ్య అడ్డుబంధాలు వేసి గట్టిపరచిన) ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరుకు మారడం. దాని వెన్నెముక కార్బన్ గొలుసు, ఈ ఆమ్లానికి లొంగదు. మా ఓటు దీనికే. ఇంకో సంగతి: ఎంత బాగున్నా సిలికోన్ గుండా హైడ్రోజన్ బ్యూటైల్ రబ్బరుతో పోలిస్తే పదుల రెట్లు ఎక్కువగా జారిపోతుంది. బల్ల మీద నడిచే ఐదు సెల్స్‌కు ఇది పెద్ద లెక్క కాదు. మూసిన పెట్టెలో పెట్టే స్టాక్‌కు మాత్రం లెక్కే, ఎందుకంటే గాలిలో 4 శాతం చేరితే హైడ్రోజన్ అంటుకుంటుంది.

ప్రశ్న: మాది చర్లపల్లిలో చిన్న రబ్బరు మౌల్డింగ్ యూనిట్. ఒక ల్యాబ్‌కు ఈపీడీఎం గాస్కెట్లు చేసిచ్చాం. కొలతల్లో తేడా లేదు, లీకు లేదు. అయినా సెల్ పవర్ పడిపోతోందని తిప్పి పంపారు. ఆటో విడిభాగాలకు ఏళ్లుగా వాడుతున్న కాంపౌండే అది. తప్పెక్కడ? అసలు ఈ పని ముందుముందు ఉంటుందా?

ఆటో కాంపౌండ్ అన్నారంటే చాలావరకు గంధకంతో క్యూర్ చేసిందే అయ్యుంటుంది. తప్పు అక్కడే. గంధకం, దానితోపాటు వేసే యాక్సిలరేటర్ల అవశేషాలు మెల్లగా బయటికొచ్చి ప్లాటినాన్ని పట్టుకుంటాయి. పట్టుకుంటే వదలవు. పైగా గంధకం వేసే అడ్డుబంధాలు వేడికి తెగి కొత్తచోట్ల ముడిపడతాయి కాబట్టి రబ్బరు నొక్కిన ఆకారంలోనే స్థిరపడిపోతుంది. పెరాక్సైడ్ వేసే కార్బన్–కార్బన్ బంధాలు అలా జారవు.

మొదలుపెట్టడానికి ఒక పాళ్లు: 100 భాగాల ఈపీడీఎంకు 40 శాతం డైక్యుమైల్ పెరాక్సైడ్ 6–7 భాగాలు, కో-ఏజెంట్‌గా (అడ్డుబంధాలకు తోడ్పడేదిగా) టీఏఐసీ 1–1.5 భాగాలు. నూనె వీలైనంత తక్కువ, లేకపోతే ఇంకా మంచిది. నూనె పైకి ఊరి, సెల్‌లో గ్యాస్‌ను పరిచే కార్బన్ పేపర్‌లోకి పాకుతుంది. జింక్ ఆక్సైడ్ అలవాటుకొద్దీ వేయకండి, ఆమ్లంలో కరిగేది ఏదైనా మెంబ్రేన్‌లోకి చేరుతుంది. మామూలు నల్లమసి దండిగా పోస్తే రబ్బరే కరెంటు మోస్తుంది. పక్కపక్క ప్లేట్ల మధ్య ఉండేది ఈ గాస్కెటే కదా! సిలికా గానీ, థర్మల్ బ్లాక్ రకం మసి గానీ వాడి, షీటు రెండు ముఖాల మధ్య నిరోధం కొలిచాకే సరుకు పంపండి.

డైక్యుమైల్ పెరాక్సైడ్ సుమారు 175 డిగ్రీల దగ్గర నిమిషానికి సగం చొప్పున విడిపోతుంది. కనీసం ఆరేడు సగాలు గడవాలి. కాబట్టి పల్చటి గాస్కెట్‌కు 175 దగ్గర 10 నిమిషాలు సరిపోతాయి. ఆ వేడి ప్రెస్ మీటర్‌లో కాదు, మౌల్డు లోపల ఉండాలి. పైముఖం జిగటగా వస్తే క్యూర్ తక్కువైందని ఇంకాస్త పెరాక్సైడ్ వేస్తారు చాలామంది. అది గాలిలోని ఆక్సిజన్ చేసే పని. మౌల్డులో గాలి చిక్కకుండా చూడండి, జిగట పోతుంది. బయటికి తీశాక అసిటోఫినోన్ ఘాటు వాసన వస్తుంది. అది పోయేలా 150 డిగ్రీల ఓవెన్‌లో 2–4 గంటలు పోస్ట్ క్యూర్ చేయండి. మౌల్డుకు సిలికోన్ స్ప్రే కొట్టే అలవాటుంటే ఈ ఆర్డర్‌కు మానుకోవాలి.

పంపే ముందు చౌకలో అయ్యే పరీక్ష ఒకటుంది. మూతున్న రెండు పాలీప్రొపిలీన్ సీసాల్లో డీఅయనైజ్డ్ నీళ్లు పోసి, ఒకదానిలో గాస్కెట్ ముక్కలు వేయండి, రెండోది ఖాళీగా ఉంచండి. 80 డిగ్రీల్లో వారం పెట్టి రెండింటి వాహకతా కొలవండి. తేడా ఎంత పెరిగితే మీ రబ్బరు అంత వదులుతోందన్నమాట. ప్రతి బ్యాచ్‌కూ ఈ అంకె రాసి పంపితే ల్యాబ్ వాళ్లు మీ మాట నమ్ముతారు.

ఇక పని సంగతి. హైదరాబాద్ దగ్గర బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (కేంద్ర ప్రభుత్వ పదార్థాల పరిశోధన సంస్థ) వారి ఫ్యూయల్ సెల్ కేంద్రం చెన్నైలో పనిచేస్తోంది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రధానంగా హైడ్రోజన్ తయారీ మీద, అంటే కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ల మీద ఉంది. పీఈఎం ఎలక్ట్రోలైజర్‌కూ ఇదే కుటుంబం సీళ్లు కావాలి, కొన్నింట్లో 30 బార్ ఒత్తిడికి ఆగేవి. ఫ్యూయల్ సెల్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా అటూ చూడండి.

ప్రశ్న: గాస్కెట్ మందం ఎంత తీసుకోవాలి? బిగువు ఎంత? ఎక్కువ బిగిస్తే పవర్ తగ్గుతోంది, తక్కువైతే లీకు.

మీరు ఒకే బోల్టుతో రెండు పనులు చేయిస్తున్నారు: గాస్కెట్‌ను నొక్కడం, గ్యాస్ డిఫ్యూజన్ పొర అయిన కార్బన్ పేపర్‌ను నొక్కడం. రెండూ ఒకే ఎత్తు దగ్గర కుదరాలి. లెక్క కార్బన్ పేపర్ నుంచి మొదలుపెట్టండి.

పేపర్ 230 మైక్రాన్లు అనుకుందాం. 20 శాతం నొక్కితే 184. ఉత్ప్రేరక పొర 10 కలిపితే 194. అంటే ఒక్కో వైపు గాస్కెట్ నొక్కుడుపడ్డాక 194 దగ్గర ఆగాలి. గాజుబట్టకు టెఫ్లాన్ పూసిన గట్టి షీటు దాదాపు అణగదు, కాబట్టి అదే మందం, అంటే 200కు దగ్గర్లోది వేస్తే చాలు. రబ్బరు షీటైతే అణిగే భాగం కూడా కలుపుకోవాలి. 250 మైక్రాన్ల షీటు 194కు దిగితే నొక్కుడు 22 శాతం. 20–25 శాతం మధ్య ఉంటే మంచిది. 15 కంటే తగ్గితే కొన్నాళ్లకు కంప్రెషన్ సెట్ ఆ కాస్తనూ మింగేస్తుంది.

ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. రబ్బరు నొక్కితే చిన్నదైపోదు, పక్కకు జరుగుతుంది, అంతే. 250 మైక్రాన్ల మందం, 10 మి.మీ. వెడల్పున్న పట్టీకి పక్కకు జరగడానికి చోటే ఉండదు. అది చెక్కలా బిగుసుకుని బోల్టు బలమంతా తనే మింగుతుంది, కార్బన్ పేపర్ వదులుగా మిగిలిపోతుంది. పట్టీని 3–4 మి.మీ.కు తగ్గించండి, లేదా పైన సన్నని గట్టు ఉండేలా మౌల్డు చేయించండి.

ఓ-రింగ్ వాడేవారికి: 2 మి.మీ. రింగుకు గాడి లోతు 1.5, వెడల్పు 2.7 మి.మీ. నొక్కుడు 25 శాతం, గాడి నిండేది 78 శాతం. మిగతా చోటు వృథా కాదు. 25 నుంచి 80 డిగ్రీలకు వెళ్తే రబ్బరు పరిమాణం 3–5 శాతం పెరుగుతుంది. గాడి నిండా కూరితే ఆ ఒత్తిడికి గ్రాఫైట్ ప్లేటు పగులుతుంది.

బోల్టుల మరలకు పల్చగా గ్రీజు రాసి, ఎదురెదురుగా, నాలుగు విడతల్లో టార్క్ రెంచితో బిగించండి. మొదటి రోజే రబ్బరు తన బలంలో కొంత వదిలేస్తుంది. కాబట్టి 24 గంటలు ఆగి, చల్లగా ఉన్నప్పుడే మళ్లీ అదే టార్క్‌కు తేవాలి. వేడిగా ఉన్నప్పుడు బిగించకండి. గిన్నెలాంటి డిస్క్ స్ప్రింగ్ వాషర్లు ఒక్కో బోల్టుకు రెండు మూడు వేస్తే గాస్కెట్ అణిగినంత మేరా అవి వెంటాడి నొక్కుతాయి. కుక్కర్ గాస్కెట్ వదులైతే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి వాడుకోవచ్చు గానీ స్టాక్‌కు ఆ చిట్కా లేదు.

ప్రశ్న: వైటాన్ మంచిదంటారు కదా, ఖరీదైనా అదే వాడొచ్చా?

వాడొచ్చు, రెండు షరతుల మీద. వైటాన్ అంటే ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ రబ్బరుకు ఒక బ్రాండ్ పేరు. బిస్ఫినాల్‌తో క్యూర్ చేసే మామూలు ఎఫ్‌కేఎంలో మెగ్నీషియం ఆక్సైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్ వేస్తారు. పైన చెప్పిన కాల్షియం, మెగ్నీషియం గోల మళ్లీ మొదలవుతుంది. పెరాక్సైడ్ క్యూర్ రకమే అడగండి. రెండోది చలి. మామూలు రకాలు సున్నాకు 15–20 డిగ్రీల దిగువకు వెళ్లేసరికి సాగే గుణం పోగొట్టుకుంటాయి. విజయవాడలో ఇది సమస్యే కాదు. ఎన్‌టీపీసీ హైడ్రోజన్ బస్సులు పెట్టిన లేహ్ లాంటి చోట మాత్రం చలికాలం తెల్లవారుజామున స్టార్ట్ చేసేటప్పుడే లీకు మొదలవుతుంది. ఈపీడీఎం –40 దాకా మెత్తగా ఉంటుంది, ధరా తక్కువ.

ప్రశ్న: భారీ వాహనాలకు 25,000 గంటలు ఆగాలంటున్నారు. అంతకాలం పరీక్షించే వీలు లేదు. సీలు పదార్థాన్ని తొందరగా ముసలిదాన్ని చేసి చూడటమెలా? (పరిశోధక విద్యార్థి, చెన్నై)

ఉష్ణోగ్రత పెంచి, అర్హీనియస్ సూత్రంతో వెనక్కి లెక్కగట్టడం మామూలు దారి. పదార్థం యాక్టివేషన్ శక్తి మోల్‌కు 80 కిలోజౌళ్లు అనుకుంటే, 80 నుంచి 100 డిగ్రీలకు పోతే వేగం 4.3 రెట్లవుతుంది. 25,000 గంటలు 5,800కు, అంటే ఎనిమిది నెలలకు దిగుతాయి. 120 డిగ్రీల్లో 16 రెట్లు, 65 రోజులు. ఆ 80 కిలోజౌళ్లు ఉదాహరణకే. మీ పదార్థానికి కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో కొలిచి మీరే తేల్చుకోవాలి.

అయితే పొడి ఓవెన్‌లో చేస్తే ఈ లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. పొడి వేడిలో సిలికోన్ మొదటి ర్యాంకు తెచ్చుకుంటుంది, సెల్‌లో మొదట పోయేదీ అదే. పరీక్ష తడి ఆమ్లంలో జరగాలి, 100 దాటితే నీరు ద్రవంగానే ఉండేలా మూసిన ఒత్తిడి పాత్ర కావాలి.

ప్రచురిత పరిశోధనల్లో బాగా కనిపించే ద్రావణం: 1 మోలార్ గంధకామ్లం, 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. సెల్‌లోని అసలు పరిస్థితికి దగ్గరగా 12 పీపీఎం గంధకామ్లం, 1.8 పీపీఎం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పెట్టి రెండూ పక్కపక్కన నడుపుతారు, 60, 80 డిగ్రీల్లో. 98 శాతం గంధకామ్లమైతే లీటరుకు 55 మి.లీ. చాలు, ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి. హైడ్రోఫ్లోరిక్ సీసా మూత తీసే ముందు, అది చర్మం మీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉందా లేదా చూసుకోండి. లేకపోతే ఆ భాగం వదిలేయండి, గంధకామ్లంతోనే చాలా విషయాలు తేలతాయి. గాజు పాత్రలు వాడొద్దు. ఫ్లోరైడ్ గాజును తింటుంది, ఆ సిలికాన్ వచ్చి మీ సిలికోన్ ముక్క ఖాతాలో పడుతుంది. ఫలితాలు చూసి వారాల తరబడి తల పట్టుకోవాల్సి వస్తుంది.

ముక్కల్ని వదులుగా వేయకుండా టెఫ్లాన్ లేదా టైటానియం పలకల మధ్య 25 శాతం నొక్కి ఉంచండి. సాగదీసి, నొక్కి ఉంచిన రబ్బరు పగిలినంత తొందరగా వదులుగా ఉన్నది పగలదు. వారానికోసారి బరువు, గట్టిదనం, కంప్రెషన్ సెట్ చూడండి. నీళ్లలో సిలికాన్, కాల్షియం, మెగ్నీషియం ఎంత చేరాయో ఐసీపీతో (మూలకాల జాడలు కొలిచే యంత్రంతో) కొలవండి. ఇన్‌ఫ్రారెడ్‌లో సిలికోన్‌కైతే 1,260 సెం.మీ.⁻¹ దగ్గరి శిఖరం తగ్గుతూ కనిపిస్తుంది. కంప్రెషన్ సెట్‌కు ఏఎస్‌టీఎం డి395 పద్ధతిలో నొక్కు తీసిన 30 నిమిషాలకు మందం కొలవాలి. మొదటి మందంలోంచి తేలిన మందం తీసేసి, దాన్ని మొదటి మందానికీ నొక్కిన ఎత్తుకూ ఉన్న తేడాతో భాగించి నూటితో గుణించండి. ఇది తేలిగ్గా అయ్యే కొలత. సీలును నిజంగా నిలబెట్టేది మిగిలిన తోపుడు బలం. ఐఎస్‌ఓ 3384 పద్ధతిలో స్ట్రెస్ రిలాక్సేషన్ కొలిచే సదుపాయం ఉంటే దాన్నే నమ్మండి.

ప్రశ్న: నైట్రోజన్ పట్టించి ప్రెజర్ తగ్గుదల చూస్తాం. ఉదయం పాసైన స్టాకే మధ్యాహ్నం ఫెయిలవుతుంది. గాస్కెట్ అప్పుడప్పుడూ లీకవుతుందా? (ల్యాబ్ టెక్నీషియన్, విశాఖపట్నం)

గాస్కెట్‌ను అనుమానించే ముందు మీ ఏసీని అనుమానించండి. 0.5 బార్ గేజ్ (బయటి గాలి ఒత్తిడికి పైన లెక్క) దగ్గర లోపలి గ్యాస్ ఒక్క డిగ్రీ చల్లబడితే దాదాపు 5 మిల్లీబార్లు పడిపోతుంది. ఉదయం గది మెల్లగా వేడెక్కుతూ ప్రెజర్‌ను పైకి తోస్తుంటే చిన్న లీకు దాని చాటున దాక్కుంటుంది. మధ్యాహ్నం ఏసీ వేయగానే లేని లీకు కూడా కనిపిస్తుంది. స్టాక్‌కు థర్మోకపుల్ అతికించి, ప్రెజర్ పక్కనే ఉష్ణోగ్రతా రాయండి. గ్యాస్ పట్టించిన వెంటనే కాకుండా పావుగంట ఆగి లెక్క మొదలుపెట్టండి.

లోపలి పరిమాణం 50 మి.లీ., 10 నిమిషాల్లో 20 మిల్లీబార్ల తగ్గుదల అయితే: 50ని 20తో గుణించి, 1,013తో, మళ్లీ 10తో భాగిస్తే నిమిషానికి 0.1 మి.లీ. హైడ్రోజన్‌కు స్నిగ్ధత నైట్రోజన్‌లో సగమే. కాబట్టి అదే సందులోంచి దాదాపు 0.2 మి.లీ. పోతుందని వేసుకోండి.

లీకు ఎటు పోతోందో వేరుగా చూడాలి. ఆనోడ్ (హైడ్రోజన్ వైపు), క్యాథోడ్ (గాలి వైపు), కూలెంట్ (చల్లబరిచే ద్రవం దారి) మూడింటికీ ఒకే ఒత్తిడి పెట్టి ఔట్‌లెట్లు మూస్తే బయటి లీకు ఒక్కటే తేలుతుంది. తర్వాత ఆనోడ్‌కు మాత్రమే 0.3 బార్ పెట్టి, క్యాథోడ్ గొట్టాన్ని గ్లాసు నీళ్లలో ముంచండి. బుడగలొస్తే లోపలి దారి ఉందన్నమాట, అది మెంబ్రేన్ చిల్లైనా కావచ్చు, గాస్కెట్ పక్కనుంచైనా కావచ్చు. ఏ సెల్లో పట్టుకోవాలంటే హైడ్రోజన్, గాలి ఇచ్చి లోడు లేకుండా ఒక్కో సెల్ వోల్టేజి చూడండి. అన్నీ 0.95 దగ్గరుంటే ఒక్కటి 0.8 చూపిస్తే విప్పాల్సింది అక్కడే.

ప్రశ్న: ఘన ఆక్సైడ్ సెల్స్‌లో 800 డిగ్రీల దగ్గర రబ్బరు ఉండదు కదా, సీలు దేనితో? (విద్యార్థిని, హైదరాబాద్)

గాజు–సెరామిక్‌తో. పేస్టులా పూసి, కొలిమిలో కరిగించి, కొంతమేర స్ఫటికం అయ్యేలా చేస్తారు. బేరియం–కాల్షియం అల్యూమినోసిలికేట్ రకాలు ఎక్కువ. ఇక్కడ ఆమ్లం బెడద లేదు, వ్యాకోచం తేడాతోనే తంటా. స్టీలు, సెరామిక్, గాజు మూడూ కలిసి పెరిగి కలిసి తగ్గాలి. బేరియం ఉన్న గాజు గాలి తగిలే అంచున స్టీలులోని క్రోమియంతో కలిసి పసుపుపచ్చని బేరియం క్రోమేట్ అవుతుంది. దాని వ్యాకోచం వేరు కాబట్టి చల్లారేటప్పుడు అక్కడే బీటలు వారుతుంది. స్టీలుకు అల్యూమినా పూత వేసి ఆ రెండింటినీ విడదీస్తారు.

ప్రశ్న: గాస్కెట్లు ఒకేసారి ఎక్కువ కొని దాచుకోవచ్చా? (తిరుపతి)

ఐఎస్‌ఓ 2230 ప్రకారం బిగించని ఈపీడీఎం, సిలికోన్, ఎఫ్‌కేఎంలకు 10 ఏళ్లు, అదీ 25 డిగ్రీల లోపు చీకట్లో ఉంచితే. మే నెలలో రేకుల షెడ్డులో పెడితే ఆ అంకెలు మర్చిపోండి. మేకుకు తగిలించొద్దు, మడత పెట్టొద్దు, ఓజోన్ పుట్టించే మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు ఉన్న గదిలో ఉంచొద్దు. ప్లాటినంతో క్యూర్ అయ్యే లిక్విడ్ సిలికోన్ కొంటే లేటెక్స్ చేతి తొడుగులతో ముట్టుకోకండి. వాటిలోని గంధకం తగిలిన చోట అది గట్టిపడకుండా జిగటగానే ఉండిపోతుంది. నైట్రైల్‌వి వాడినా ముందు చిన్న చుక్క మీద తాకించి, మర్నాటికి గట్టిపడిందో లేదో చూసుకోండి.